బొగ్గుతో వేసిన ఉప్మా

వేదవల్లి బాలవాడి టీచరుగా చేరి ఎనిమిది నెలలైంది. ఆ ఎనిమిది నెలల్లో పిల్లలకు పాటలు వచ్చాయి, వరుసగా కూర్చోవడం వచ్చింది, చెబితే ముక్కు తుడుచుకోవడం కూడా కొందరికి అలవాటైంది. ఉప్మా దగ్గరే పేచీ. మొదట్లో కొంచెమైనా తినేవాళ్ళు. వేసవి సెలవుల తరువాత అదీ మానేశారు.

బాలవాడి చంద్రగిరి కోట దాటి మైలున్నర దూరంలో, ఒక పల్లె చివర, రేకులు కప్పిన గది, పక్కన సామాన్లకు ఇంకో చిన్న గది. మూడేళ్ళ నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలు ఇరవై ఇద్దరు. పదకొండున్నరకు ఆయా మునిరత్నమ్మ విస్తరాకుల్లో గోధుమ రవ్వ ఉప్మా పెట్టేది. పిల్లలు రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని మిగతాది చాప కిందికి తోసేవాళ్ళు. కొందరు చొక్కా జేబులో కుక్కుకునేవాళ్ళు. గోడలో ఒక ఇటుక ఊడిన సందుంటే అది ఉప్మాతో నిండిపోయింది. వాకిట్లో తిరిగే కుక్క ఒకటి మాత్రం బాగా ఒళ్ళు చేసింది.

"కమ్మగా ఉంటుంది, తినండి," అని వేదవల్లి రోజూ చెప్పేది. బుజ్జగించేది, కథ చెప్పేది, ఒక్కో రోజు కోప్పడేది. చెప్పేదే గానీ ఆమె ఆ ఉప్మా ఎన్నడూ నోట పెట్టలేదు.

ఆమెకు ఇరవై రెండేళ్ళు. తండ్రి సంపత్కుమార్ తిరుపతిలో ఒక దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. తాత, ముత్తాత గుడి కైంకర్యం చేసినవాళ్ళు. ఆ ఇంట్లో ఎర్రగడ్డ, తెల్లగడ్డ, అంటే ఉల్లి వెల్లుల్లి, గడప దాటి లోపలికి రావు. పరాయివాళ్ళు వండింది ఎవరూ తినరు. కూతురికి ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పుడు తల్లి వకుళాదేవి వద్దనలేదు గానీ ఒక్క షరతు పెట్టింది. "పని చేసుకో. ఆ ఊళ్ళో మాత్రం పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టొద్దు." అందుకే వేదవల్లి మరచెంబులో నీళ్ళు, చిన్న డబ్బాలో పెరుగన్నం తెచ్చుకునేది. పిల్లలు వెళ్ళిపోయాక చంద్రగిరి దాకా నడిచి, అక్కడ తమకు వరసయ్యేవాళ్ళ ఇంటి అరుగు మీద కూర్చుని తిని, తిరుపతి బస్సెక్కేది.

డెబ్బై తొమ్మిది అక్టోబరులో ఒక పొద్దున పంకజాక్షి నోరంతా ఊదారంగు చేసుకుని వచ్చింది. నాలుగున్నరేళ్ళ పిల్ల, ధనంజయ అనే రైతు కూతురు. ఇంటి ముందు పందిరికి అల్లుకున్న బచ్చలి తీగ పండ్లు కోసి చిదిమి, రుచి చూసి, గౌనుకు పూసుకుని, చాలక చేతులు బాలవాడి గోడకు తుడిచింది. సున్నం గోడ మీద ఐదు వేళ్ళు అచ్చు పడ్డాయి. వేదవల్లి తిట్టబోయి ఆగింది. రంగు పెన్సిళ్ళు కావాలని ఆమె రెండుసార్లు రాసి పంపింది, రాలేదు. రంగు ఇక్కడే పందిరికి వేలాడుతుంటే తనకెందుకు తోచలేదా అనుకుంది.

మరునాటికి తండ్రినడిగి ఆఫీసులో పారేసే కాగితాలు, వెనకవైపు తెల్లగా ఉండేవి, ఒక కట్ట తెచ్చింది. కొబ్బరి చిప్పల్లో రంగులు సిద్ధం చేసింది. పసుపు ఒకటి, పసుపులో సున్నం కలిపిన ఎరుపు ఒకటి, బచ్చలి పండ్ల రసం, తోటకూర ఆకు దంచిన రసం, బొగ్గు పొడి. వేపపుల్లల కొస నలగ్గొడితే కుంచెలయ్యాయి.

పిల్లలు ఇల్లు వేస్తారు, కోడి వేస్తారు, అది ఆమెకు తెలుసు. తిండి మీదికి దృష్టి మళ్ళించాలని ఇంకో ఆట పెట్టింది. కళ్ళు మూసుకోవాలి. నాలుక మీద ఒకటి పెడుతుంది. అదేమిటో చెప్పకూడదు, నోట్లో ఎట్లుందో కాగితం మీద వెయ్యాలి.

చింతకాయ పెడితే చిన్నబ్బ అనే పిల్లవాడు పుల్లతో కాగితం చిరిగేట్టు వంకర టింకర గీత ఒకటి గీకాడు.

"ఇదేందిరా?"

"పండ్లు జివ్వుమన్యాయి గదా టీచరా, అది."

ఉప్పుకల్లు పెడితే దేవరాజులు చుక్కలు చుక్కలుగా వేసి, మళ్ళీ కాగితాన్ని నాకి చూశాడు. సీతాఫలం పెడితే పంకజాక్షి పసుపులో అరచెయ్యి ముంచి కాగితమంతా పులిమేసింది, ఆవగింజంత తెలుపు కూడా మిగల్చలేదు. ఎందుకంటే, "నోరంతా ఉండాది గదా," అంది. కాకరకాయ ముక్క పెట్టిన రోజు ఎవరూ చెప్పకుండానే అందరూ బొగ్గు మీద పడ్డారు.

వారం రోజుల్లో గోడలు నిండిపోయాయి. ఒకనాడు చిన్నబ్బ తాత మునెయ్య వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. పల్లెలో ఆయన మాటకు విలువుంది. భుజం మీద తుండుగుడ్డ సవరించుకుని లోపలికి చూశాడు.

"ఏందిమ్మా ఇది? తినే పసుపు, తినే ఆకు గోడలకు పూయిస్తా ఉండావంట. మేము వానల్లేని ఏండ్లలో చింతగింజలు ఉడకేసుకొని తిన్యాము. ఆ బిడ్డలకు నేర్పించేది ఇదేనా?"

వేదవల్లికి చెంపల్లో వేడి పుట్టింది. తను పెద్ద తెలివైన పని చేశాననుకుంటోంది అప్పటిదాకా. ముసలాయన మాటలో అబద్ధం లేదు.

"అట్లయితే ఎట్ల చెయ్యమంటావు తాతా?"

ఆయన ఆమె ఎదురు చెబుతుందని వచ్చినట్టున్నాడు. లోపలి రంగు చిప్పల వైపు చూశాడు. "తిన్యాక మిగిలింది పూయించు. తొక్కలు, రాలినవి, కుళ్ళినవి. అంతేగానీ తినేదాన్ని పూయించొద్దు."

"సరే తాతా."

ఆనాటి నుంచి అదే కట్టుబాటు. రెండు రోజుల తరువాత మునెయ్యే తుండుగుడ్డలో దానిమ్మ తొక్కలు మూటగట్టి తెచ్చి గడప దగ్గర పెట్టి వెళ్ళాడు.

ఇంత చేసినా ఉప్మా కథ అట్లాగే ఉంది. కాకరకాయ కూడా కొరుకుతున్న పిల్లలు ఉప్మా దగ్గరికి వస్తే పెదవులు బిగిస్తున్నారు. సరే, దానికీ బొమ్మ వేయిద్దాం, ఆ సరదాలో నాలుగు ముద్దలు లోపలికి పోతాయని వేదవల్లి ఆలోచన. శుక్రవారం నాడు అందరినీ కళ్ళు మూసుకోమని, ఒక్కో ముద్ద పెట్టించి, "ఊఁ, వెయ్యండి," అంది.

ఇరవై రెండు చేతులూ బొగ్గు చిప్ప మీదికే పోయాయి.

పంకజాక్షి ముందు బొగ్గు తీసుకుంది, తక్కినవాళ్ళు దాన్ని చూసి తీసుకున్నారు, అంతే అనుకుంది. మరునాడు అందరినీ ఒకరికొకరు వీపులు తిప్పి దూరంగా కూర్చోబెట్టింది. మళ్ళీ బొగ్గే. కొందరు కాగితానికి చిల్లు పడేదాకా రుద్దారు. వేదవల్లికి విసుగొచ్చింది.

"ఉప్మా పసుపుపచ్చగా కదా ఉంది, చూడండి! నల్లగా ఎక్కడుంది?"

"కండ్లు మూసుకోమంటివి గదా టీచరా," అన్నాడు చిన్నబ్బ.

ఆ కాగితాలన్నీ దారంతో కట్టి బీరువాలో పడేసింది. పిల్లల కొంటెతనం అనుకుంది, మరిచిపోయింది.

తరువాతి వారం బాలవాడిలో అందరూ అన్నానికి కూర్చున్న బొమ్మ వెయ్యమంది. తలలు లెక్క పెట్టడం కూడా వస్తుందని. పంకజాక్షి నేల మీద బోర్లా పడుకుని నాలుక బయటపెట్టి చాలాసేపు వేసింది. రెండు వరుసల్లో పిల్లలు, అందరికీ ఎర్రటి గుండ్రటి నోళ్ళు. గరిటె పట్టుకున్న మునిరత్నమ్మ, వక్కాకు నమిలే ఆమె నోరు అన్నిటికన్నా పెద్దది. కుక్కకూ నోరుంది. పక్కన పొడుగ్గా ఒక మనిషి. జడ ఉంది, కళ్ళున్నాయి, చేతికి గడియారం ఉంది. ముక్కు కింద ఏమీ లేదు.

"ఇదెవరు?"

"నువ్వే. గడియారం పెట్టినా, సూడు."

"మరి నోరు మరిచిపోయినావే!"

"మరిసిపోలే. నీకు నోరు ల్యా గదా."

వేదవల్లి నవ్వింది. "ఇప్పుడు నేను దేంతో మాట్లాడతా ఉన్నాను?"

పంకజాక్షి ఒక్క క్షణం ఆలోచించింది. "అది గొంతుకతో. నోరుంటే తింటారు. మునిరత్నమ్మవ్వ తింటాది. కుక్క గూడా తింటాది. నువ్వు తినవు."

పక్కనున్న పిల్లలు మూగారు. "టీచరమ్మ యాడా తినదా?" అని ఒకడు. "ఇంటికాడ తింటాదేమో," అని ఇంకొకడు. "మనం సూళ్ళేదు గదా," అని పంకజాక్షి తేల్చేసింది. తరువాత దేవరాజులు ఊరికే, తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు.

"టీచరా, మన ఉప్మా నీకు ఎట్లుంటాది?"

వేదవల్లి బొమ్మలో ముక్కు కింది ఖాళీని మళ్ళీ చూసింది. ఎనిమిది నెలలుగా కమ్మగా ఉంటుందని చెబుతోంది. ఆ మాట ఎక్కడి నుంచి తెచ్చింది తను? తెలియనిదాన్ని తెలుసన్నట్టు చెప్పడం ఇంకెక్కడైనా అయితే అబద్ధమంటుంది. పిల్లల దగ్గర అదెందుకు అబద్ధంలా తోచలేదో ఆమెకే అర్థం కాలేదు.

మునిరత్నమ్మ ఉప్మా గిన్నె దించి విస్తళ్ళు పరుస్తోంది.

"నాకూ ఒక ఆకు వెయ్యి అక్కా."

మునిరత్నమ్మ చెయ్యి ఆగిపోయింది. "మీకెందుకమ్మా? మీ ఇంట్లో తెలిస్తే?"

"తెలుస్తుంది. నేనే చెబుతాను. వెయ్యి."

"దాంట్లో ఎర్రగడ్డలు ఏసినానమ్మా," అంది ఆమె గొంతు తగ్గించి, పిల్లలకు వినబడకూడదన్నట్టు.

వేదవల్లి కొంగు దోపుకుని పంకజాక్షికీ దేవరాజులుకూ మధ్య చాప మీద కూర్చుంది. ఇరవై ఇద్దరూ తినడం మాని ఆమెనే చూస్తున్నారు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. ముందు ఎర్రగడ్డ తగిలింది, మెత్తగా, కొంచెం తియ్యగా. ఇంతేనా అనుకుంది. నమిలి మింగబోయేసరికి వచ్చింది అసలుది. నాలుక వెనక నుంచి చేదు పైకి లేచింది. ఆరిపోయిన ఆముదపు దీపం వత్తి వాసనలాంటిదేదో ముక్కులోకి ఎక్కింది. ఉమ్మేయాలనిపించింది. పిల్లలు చూస్తున్నారు కాబట్టి మింగింది. మింగినా ఆ చేదు గొంతులోనే కూర్చుంది.

"ఏ రంగు టీచరా?" అంది పంకజాక్షి.

"బొగ్గే," అంది వేదవల్లి.

లేచి తిన్నగా మూలకు వెళ్ళి నూనె డబ్బా మీది పలక తీసింది. చెనక్కాయ నూనె, చేదెక్కి చెడిపోయిన వాసన గుప్పుమంది. డబ్బా అక్కడికి వచ్చింది మార్చి నెలలో. పడమటి గోడ, పైన రేకులు, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎండ కాగే చోటు. ఎండాకాలమంతా మూత తీసిన డబ్బా అక్కడే ఉంది. పక్క గదిలో ఎలుకలున్నాయి, నా కళ్ళ ముందు ఉండనీ అని అక్కడ పెట్టించింది ఎవరో కాదు, తనే.

"నీకు తెలియదా అక్కా?"

మునిరత్నమ్మ తల వంచుకుంది. "తెలుసమ్మా. ఆకూవక్కా ఏసుకొని ఎట్లో తింటా ఉన్యాను. రెండుమూడు మార్లు సెప్పదామనుకొన్యా. మీరేమో కమ్మగా ఉండాది తినండి అంటా ఉంటిరి. సదువుకున్నోళ్ళు, మీకు తెలిసే అంటా ఉండారని ఊరుకొన్యా."

ఆ మాట కన్నా ఒక చెంపదెబ్బ నయమనిపించింది వేదవల్లికి. బీరువాలో పడేసిన కాగితాల కట్ట తీసి, ఒక్కొక్కటీ మళ్ళీ చూసింది. పిల్లలు రెండుసార్లు చెప్పారు. రెండోసారి వీపులు తిప్పుకుని మరీ చెప్పారు.

ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పేసింది. వకుళాదేవి చేటలో బియ్యం ఏరుతోంది. విని, "నోరు కడుక్కున్నావా?" అంది. రాయి ఒకటి ఏరి పారేసి, "తలకు పోసుకుని రా," అంది. మూడు రోజులు కూతురితో మాట్లాడలేదు. పళ్ళెం వేరు చేసింది. తండ్రి మాత్రం రెండో రోజు పొద్దున ఆమెతో పాటు బస్టాండు దాకా నడిచాడు. దారిలో అటూ ఇటూ చూసి అడిగాడు.

"ఎర్రగడ్డ ఎట్లుందమ్మా?"

"మెత్తగా ఉంది నాయనా. కొంచెం తీపి."

"తీపా!" అన్నాడు. బస్టాండు దగ్గర పడ్డాక, "మళ్ళీ తింటావా?"

"రోజూ తింటాను. ఎట్లుందో తెలియకుండా వాళ్ళకు పెట్టలేను."

"మీ అమ్మకు ఆ సంగతి నేను చెప్పను. నువ్వే చెప్పు," అన్నాడు సంపత్కుమార్. బస్సు కదిలేదాకా నిలబడ్డాడు.

నాలుగో రోజు చెప్పింది. "ఎర్రగడ్డ లేకుండా వండమనలేవా?" అంది తల్లి. అదే ఆమె మాట్లాడిన మొదటి మాట.

"వాళ్ళు తినే తిండి కదమ్మా. నా కోసం ఎందుకు మార్చుకోవాలి?"

వకుళాదేవి వడ్డించడానికి లేచింది. వేరు పళ్ళెం వేరుగానే ఉంది.

వేదవల్లి చిత్తూరు ఆఫీసుకు ఉత్తరం రాసింది. జవాబు వచ్చేదాకా మునిరత్నమ్మ నూనె లేకుండా రవ్వను ఉప్పేసి జావలా కాచింది. రుచీ పచీ లేదు గానీ పిల్లలు సగమైనా తాగారు. పది రోజులకు జయరావు అనే అధికారి వచ్చాడు. పూతలపట్టులో బస్సు ఆగిపోయి, ఇంకో బస్సు పట్టుకుని, ఎండలో మైలున్నర నడిచి వచ్చిన మనిషి. బొగ్గు బొమ్మలు చూపిస్తే మొహం చిట్లించాడు.

"పిల్లలు తినకపోవడానికి నూరు కారణాలుంటాయమ్మా. బొమ్మలు చూసి డబ్బా నూనె పారబోయమంటారా?"

"బొమ్మలు చూసి వద్దు సార్. మీరు కూర్చోండి."

రెండు గిన్నెల్లో ఉప్మా సిద్ధంగా ఉంది. ఒకటి డబ్బా నూనెతో, రెండోది మునెయ్య ఇంటి నుంచి చెంబుతో పంపిన కొత్త నూనెతో. విస్తరాకు ముందు కూర్చున్న అధికారి చుట్టూ పిల్లలు చేరారు.

"కండ్లు మూసుకో సారూ!"

ఆయన నవ్వి మూసుకున్నాడు. మొదటి గిన్నెలోంచి ఒక ముద్ద నోట్లో పడింది. రెండుసార్లు దవడ ఆడింది, ఆగింది. చెయ్యి గాలిలో నీళ్ళ కోసం వెతికింది. నీళ్ళకన్నా ముందు చిన్నబ్బ బొగ్గు చిప్ప తెచ్చి ఆయన చేతికి తగిలించాడు. మునెయ్య గడప దగ్గర తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

రెండో గిన్నె ఉప్మా జయరావు ఆకులో ఏమీ మిగల్చకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని పుస్తకం తీశాడు. అప్పుడు నవ్వు లేదు.

"డబ్బా ఎండలో ఎవరు పెట్టినారు?"

"నేనే..." అంటూ మునిరత్నమ్మ ముందుకు వచ్చింది. వేదవల్లి ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"నేను సార్. ఆమెతో పెట్టించింది నేనే."

"పిల్లలకు పెట్టేముందు రుచి చూడాలని మీకు చెప్పలేదా?"

"చెప్పినారు. చూడలేదు."

"ఎందుకని?"

అడిగి, ఆయనే ఆమె నొసటి మీది సన్నటి ఎర్రటి నామం వైపు ఒకసారి చూసి, "సరే," అని రాసుకున్నాడు. పదిహేను రోజులకు మెమో వచ్చింది, బాధ్యత వహించలేదని. ఆమె చదివి సంతకం పెట్టి పంపింది. మెమో వెనకే కొత్త డబ్బా వచ్చింది. దాన్ని ఉత్తరం గోడ కింద ఇసుకలో దించి పైన తడి గోనె కప్పారు. మొదటి రోజు ఉప్మా వేదవల్లి ముందుగా తిని, "బాగుంది, ఉప్పు కొంచెం తక్కువ," అంది. మునిరత్నమ్మ ఉప్పు చల్లింది. పిల్లలు తిన్నారు. అందరూ కాదు. ఏకాంబరం అనే పిల్లవాడికి అప్పటికీ ఉప్మా నచ్చలేదు. వాడి నోరు వాడిది అని వదిలేసింది.

ఇంట్లో ధనుర్మాసం వచ్చేసరికి తెల్లవారుజాము పనులు ఎక్కువై, వేరు పళ్ళెం సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

జనవరిలో చెరకు కొట్టారు. పంకజాక్షి తండ్రి ధనంజయ పొద్దున్నే వచ్చి, "గానుగ పెట్టినాము టీచరమ్మా, బిడ్డల్ని పిల్చుకొని రాండి," అన్నాడు. వేదవల్లి కాగితాలు, చిప్పలు, పుల్లలు అన్నీ బుట్టలో సర్దుకుని పిల్లల్ని రెండు వరుసలుగా తోటకు నడిపించింది. పెద్ద పెనంలో చెరకు రసం నురుగులు కక్కుతోంది. ధనంజయ గరిటెడు పాకం తీసి చల్లటి నీళ్ళలో వదిలి, గట్టిపడ్డాక సాగదీసి, చెరకు ముక్కలకు చుట్టి అందరికీ ఇచ్చాడు. వేదవల్లికీ ఒకటి ఇచ్చాడు. పాకం పళ్ళకు అంటుకుపోయింది. కాసేపు ఎవరికీ మాట పెగల్లేదు, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుకున్నారు.

"బొమ్మ వెయ్యండి ఇప్పుడు," అందామని ఆమె నోరు తెరవబోయింది, దవడలు విడలేదు. బుట్ట చెరకు పిప్పి మీద అట్లాగే ఉండిపోయింది. ఆ పూట ఒక్కరూ బొమ్మ వెయ్యలేదు. పోయేటప్పుడు ధనంజయ ఆ కాగితాలే తీసుకుని, వేడి తగ్గని బెల్లం తలా ఒక ముద్ద పొట్లం కట్టి ఇచ్చాడు.